ఆమె పర్సులో కండోమ్ నేరానికి సాక్ష్యమా?



జిల్లా పేజీలో ఈ వార్త మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ఏ పేపరైనా, ఏ ఊరైనా మాటలు మాత్రం మారవు. వ్యభిచార గృహంపై దాడి, గుట్టు రట్టు, ఇద్దరు విటులు, ముగ్గురు యువతులు, నిర్వాహకురాలు అరెస్టు. కింద ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని కండోమ్ ప్యాకెట్లు స్వాధీనం. పక్కన ఫోటో. అందులో పోలీసులు నిటారుగా నిలబడి ఉంటారు. ఆడవాళ్ళు చున్నీతో ముఖం కప్పుకుని కింద కూర్చుని ఉంటారు. వార్త అక్కడితో అయిపోతుంది. ఆ ముగ్గురూ తర్వాత ఎక్కడికి పోయారు, ఎన్నాళ్ళు లోపల ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఆ రాత్రి ఎవరి దగ్గర పడుకున్నారు, రోజూ వేసుకోవాల్సిన మాత్రలు ఎవరైనా ఇచ్చారా లేదా? ఇవేవీ మనకు ఎప్పటికీ తెలియవు.

స్వాధీనం చేసుకున్న వస్తువుల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ కండోమ్ ప్యాకెట్లు చాలాసార్లు ప్రభుత్వం ఉచితంగా పంచినవే. ఒక శాఖ ప్రజల డబ్బు ఖర్చుపెట్టి వాటిని ఆమె చేతిలో పెడుతుంది. ఇంకో శాఖ అవే ప్యాకెట్లను పంచనామాలో రాసి, సీలు వేసి, ఆమె మీద సాక్ష్యంగా కోర్టుకు పంపుతుంది. మరి ఆమె ఏం చేయాలి? కండోమ్ పెట్టుకుంటే కేసు, పెట్టుకోకపోతే జబ్బు. ఈ వ్యాసం ఆ ప్యాకెట్ గురించే.

ఆదివాసీ హక్కుల పేజీలో ఈ గొడవ ఎందుకని మీలో కొందరు అడుగుతారని తెలుసు. కారణం ఉంది, మధ్యలో చెబుతాను. ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ఎందుకంటే జనం అనుకునేది ఒకటి, చట్టంలో రాసి ఉన్నది ఇంకొకటి.

మన దేశంలో వయసొచ్చిన ఒక స్త్రీ తన ఇష్టంతో డబ్బు తీసుకుని శృంగారం చేయడం నేరం కాదు. అవును, మళ్ళీ చదవండి. నేరం కాదు. 1956లో చేసిన చట్టం, 1958 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, 1986లో పేరు మార్చుకుని అనైతిక వ్యాపార నిరోధక చట్టం అయింది. మన పోలీసులూ విలేకరులూ పిటా కేసు అంటారు చూడండి, అదే. ఆ చట్టం ఆ పనిని నేరం అనదు. కానీ ఆ పని చుట్టూ ఉన్న ప్రతి వస్తువునూ, ప్రతి మనిషినీ నేరం చేసి పెట్టింది.

ఎలాగంటే, ఇద్దరు స్త్రీలు భద్రత కోసం ఒకే గదిలో ఉండి పని చేసుకున్నారనుకోండి. ఇద్దరూ లాభపడుతున్నారు కాబట్టి చట్టం దృష్టిలో ఆ గది వ్యభిచార గృహం. గది అద్దెకిచ్చినవాడికి తెలిసే ఇచ్చాడంటే అతనిమీదా కేసే. దాంతో ఏమవుతుంది? ఆమె ఒంటరిగా పని చేయాలి, లేదా మూడింతలు అద్దె తీసుకునేవాడి దగ్గర చేయాలి. 4వ సెక్షన్ చూడండి. ఆమె సంపాదన మీద తెలిసి బతికే 18 ఏళ్ళు దాటిన ఎవరికైనా రెండేళ్ళ వరకు జైలు. బ్రోకరు కోసం రాసిన సెక్షనే, సరే. కానీ ఆమె తల్లి ఎలా బతుకుతుంది? డిగ్రీ చదివే కొడుకు ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సెక్షన్ ముసలి తల్లినీ, కాలేజీ పిల్లాడినీ బ్రోకరుతో ఒకే వరుసలో నిలబెడుతుంది. 7వ సెక్షన్ ప్రకారం గుడి, బడి, ఆసుపత్రి, హాస్టల్ లాంటి వాటికి 200 మీటర్ల లోపల చేస్తే నేరం. మన పట్టణాల్లో గుడికో బడికో 200 మీటర్ల అవతల ఇల్లు ఎక్కడుందో మీరే చూపించండి. 8వ సెక్షన్ పిలవడం గురించి. సైగ చేసినా, కిటికీలో నిలబడినా స్త్రీకి మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు. అదే తప్పు మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. చట్టమే అలా రాసింది, నేను కల్పించలేదు. 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆమెను ఊరు విడిచి పొమ్మని ఆదేశించవచ్చు.

ఈ చట్టం అమల్లోకి వచ్చిన రోజునే అలహాబాద్‌లో హుస్నా బాయి అనే స్త్రీ హైకోర్టుకు వెళ్ళింది. ఇది నా జీవనోపాధి, రాజ్యాంగం నాకు వృత్తి చేసుకునే హక్కు ఇచ్చింది, నన్ను నమ్ముకుని బతికేవాళ్ళు ఉన్నారు అని పిటిషన్ వేసింది. రాజ్యాంగం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళే. పిటిషన్ కొట్టేశారు. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

1868లో బ్రిటిష్ వాళ్ళు అంటువ్యాధుల చట్టం అని ఒకటి తెచ్చారు. సైనికులకు సుఖరోగాలు వస్తున్నాయని ఆడవాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించారు. ఆడవాళ్ళు క్రమం తప్పకుండా వెళ్ళి ఒళ్ళు చూపించుకోవాలి, జబ్బుంటే లాక్ హాస్పిటల్ అనే చోట బంధిస్తారు. సైనికుణ్ణి మాత్రం ఎవరూ చూడరు. కలకత్తాలో రిజిస్టరుకు భయపడి చాలామంది ఊరే వదిలి పారిపోయారు. జబ్బులు తగ్గలేదు. 1888లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. సరిగ్గా మూడేళ్ళ తేడాతో, 1871లో, అదే ప్రభుత్వం ఇంకో రిజిస్టరు తెరిచింది. అది మనకు బాగా తెలుసు. నేరస్థ జాతుల చట్టం. పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగల పేర్లు రాసుకున్నారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. మన యెరుకల వాళ్ళను స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ కాపలాలో ఉంచింది ఆ చట్టం కిందనే. అదే చట్టం రెండో భాగం హిజ్రాల పేర్లు రిజిస్టరు చేయమంది. ఒకే కాగితం మీద తెగలు, హిజ్రాలు. పక్క కాగితం మీద వేశ్యలు. 1952లో దేశమంతటా ఆ ముద్ర చట్టం నుంచి తొలగించారు. పోలీసు బుర్రలోంచి ఎప్పుడు తొలగిందో స్టువర్టుపురం పిల్లల్ని అడగండి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఏం చేశారన్నది పక్కన పెట్టి, ఎవరన్నదాన్ని బట్టి మనిషిని పట్టుకునే చట్టం ఎలా పనిచేస్తుందో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అడవిలో కట్టెలు తెచ్చుకునే ఆడమనిషి చేతిలో కొడవలి ఫారెస్టు గార్డుకు సాక్ష్యం. రోడ్డు మీద నిలబడిన ఆడమనిషి పర్సులో కండోమ్ కానిస్టేబులుకు సాక్ష్యం. రెండు చోట్లా కేసు రాయడం కంటే కేసు రాస్తానని బెదిరించడమే ఎక్కువ జరుగుతుంది. ఆ బెదిరింపుకు ఒక రేటు ఉంటుంది. కొన్నిసార్లు అది డబ్బు, కొన్నిసార్లు డబ్బు కాదు.

సరే, జబ్బు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. హక్కుల మాట పక్కన పెట్టినా, ఒట్టి లెక్క ప్రకారం చూసినా ఈ పద్ధతి ఊరందరికీ నష్టమే.

హెచ్‌ఐవి నివారణ పని నేల మీద ఎలా జరుగుతుందంటే, నాకో సంస్థ డబ్బుతో ఒక స్వచ్ఛంద సంస్థ పట్టణంలో చిన్న కేంద్రం నడుపుతుంది. అక్కడ పీర్ ఎడ్యుకేటర్లు ఉంటారు. వాళ్ళూ ఈ పనిలో ఉన్న స్త్రీలే. ఒక్కొక్కరు తమకు తెలిసిన కొంతమందిని చూసుకుంటారు. బస్టాండు వెనక, లాడ్జీల దగ్గర, హైవే ధాబాల దగ్గర వాళ్ళను కలిసి కండోమ్‌లు ఇస్తారు, సుఖరోగాల పరీక్షకు క్లినిక్‌కి తోడు వస్తారు, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవి పరీక్ష చేయిస్తారు, పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు మొదలుపెట్టిస్తారు. మొత్తం పని ఒక్క దాని మీద నిలబడి ఉంది. ఎవరు ఎక్కడ ఉంటారో తెలియాలి, వాళ్ళు భయపడకుండా మాట్లాడాలి. ఇంకేం లేదు. పెద్ద యంత్రాలేం కావు.

ఒక్క రైడ్ జరిగిందనుకోండి. ఆ చోటు ఖాళీ. స్త్రీలు ఇంకో పేటకో, ఇంకో ఊరికో, ఇంకో రాష్ట్రానికో పోతారు. ఫోను నంబర్లు మారిపోతాయి. పీర్ ఎడ్యుకేటర్ వెళితే తలుపు తాళం. మందులు తీసుకుంటున్న స్త్రీకి కొత్త ఊళ్ళో ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడో తెలియదు, పుస్తకం పాత గదిలోనే ఉండిపోయింది. ఏఆర్‌టీ మాత్రలు మధ్యలో ఆపితే వైరస్ మళ్ళీ లేస్తుంది, మందుకు లొంగని రకం తయారవుతుంది. పట్టుబడి హోంలో ఉన్న ఆమె పరిస్థితి ఇంకా ఘోరం. నాకు ఈ జబ్బుంది, ఈ మాత్రలు కావాలి అని వార్డెనుకు చెప్పుకోవాలి. ఎంతమంది చెబుతారు?

రైడ్ జరగకపోయినా సరే, జరుగుతుందన్న భయం చాలు. వెలుగున్న చోట నిలబడితే బేరం ఆడటానికి టైముంటుంది, వచ్చినవాడు తాగి ఉన్నాడో కత్తి పెట్టుకున్నాడో చూసుకోవచ్చు, కండోమ్ లేకపోతే కుదరదు అనొచ్చు. పోలీసు జీపు వస్తుందేమోనని చీకట్లోకి జరిగితే ఆ మాటలన్నీ అరనిమిషంలో అయిపోవాలి. బండి ఎక్కాక బేరం ఉండదు. పర్సులో పది కండోమ్‌లు ఉంటే ప్రమాదం కాబట్టి ఒకటో రెండో పెట్టుకుంటుంది. మూడోవాడికి ఉండదు. ఆ మూడోవాడు ఇంటికి వెళతాడు, అతనికి పెళ్ళాం ఉంది. వాళ్ళ జబ్బు మనకెందుకు అనేవాళ్ళు ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి.

ఇది ఊహ కాదు. మన రాజమండ్రి ప్రాంతంలోనే ఈ స్త్రీలతో చేసిన సర్వేల మీద పరిశోధకులు 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. పోలీసుల చేతిలో వేధింపు అనుభవించిన వాళ్ళలో సుఖరోగ లక్షణాలు ఎక్కువ, ప్రతిసారీ కండోమ్ వాడటం తక్కువ అని తేలింది. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రిక సెక్స్ వర్కర్లూ హెచ్‌ఐవి మీద ఒక వరుస వ్యాసాలు వేసింది. అందులో మూడు ఊళ్ళ లెక్కలు కట్టారు. కెనడాలో వాంకూవర్, కెన్యాలో మొంబాసా, మూడోది మన అనంతపురం పక్కనే ఉన్న బళ్ళారి. ఈ పనిని నేరాల జాబితా నుంచి తీసేస్తే పదేళ్ళలో కొత్త హెచ్‌ఐవి కేసుల్లో 33 నుంచి 46 శాతం దాకా ఆపవచ్చని ఆ లెక్క చెప్పింది. లెక్క లెక్కే, గణిత నమూనా. అయినా ఏ ఒక్క మందూ, ఏ ఒక్క ప్రచారమూ అంత పని చేస్తుందని ఆ లెక్కల్లో తేలలేదు. మన రాష్ట్రాలకు ఇది చిన్న విషయం కాదు. 2021 జాతీయ అంచనాల్లో దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవి 0.21 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47.

బైనా పేరు విన్నారా? గోవాలో వాస్కో దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పేట. అక్కడ పని చేసిన స్త్రీలలో ఆంధ్ర నుంచి, కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. అక్కడ ఏళ్ళ తరబడి కష్టపడి కండోమ్ వాడకం, క్లినిక్ అలవాటు చేశారు. 2004 జూన్‌లో, వానాకాలంలో, బుల్డోజర్లు పెట్టి ఆ ఇళ్ళు కూల్చేశారు. నైతికత గెలిచిందని కొందరు సంబరపడ్డారు. పని ఆగిందా? లేదు. లాడ్జీలకు, వీధులకు, అద్దె గదులకు, గోవా అంతా చెల్లాచెదురైంది. కంటికి కనపడకుండా పోయింది, అంతే. ఆ తర్వాత అక్కడ పరిశోధన చేసిన వైద్యులు రాసింది ఇదే, ఒక్కచోట ఉన్నప్పుడు చేరగలిగిన స్త్రీలను ఇప్పుడు చేరలేకపోతున్నామని. పునరావాసం పేరు చెప్పి ఇల్లు కూల్చడం ఎలా ఉంటుందో డ్యామ్‌ల కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు వివరించాలా?

దీనికి పూర్తిగా ఎదురు దారి కలకత్తా సోనాగాచి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ హెచ్‌ఐవి పని మొదలుపెట్టారు. ఆయన చేసిన పెద్ద పని ఏదైనా ఉందంటే, ఉపన్యాసం ఇవ్వకుండా వినడం. ఆ స్త్రీలనే పీర్ ఎడ్యుకేటర్లుగా పెట్టారు. వాళ్ళు చెప్పింది ఏంటంటే, కండోమ్ వాడమని మీరు మాకు చెబుతున్నారు, కానీ వద్దనే వాడిని తిప్పి పంపాలంటే రేపటి తిండికి చేతిలో డబ్బుండాలి, వాడు కొడితే పోలీసు మా మాట వినాలి. అందుకని 1995లో దర్బార్ అనే సంఘం పెట్టుకున్నారు, ఉషా అనే సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి వెళితే సభ్యులకు సత్ప్రవర్తన ఉండాలని నిబంధన అడ్డొచ్చింది. గృహిణులని రాసుకోండి, పని అయిపోతుంది అన్నారట ఆఫీసులో. వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ప్రభుత్వమే నిబంధన మార్చింది. 1990ల చివరికి ముంబైలో పరీక్షించిన సెక్స్ వర్కర్లలో సగం మందికి పైగా హెచ్‌ఐవి ఉంటే, సోనాగాచిలో అది పదో వంతు చుట్టుపక్కలే నిలిచింది. బ్యాంకు పుస్తకం కూడా ఒక రకం వైద్యమే అన్నమాట. జానా గారు 2021లో కోవిడ్‌తో పోయారు.

మన వాళ్ళ నుంచి వచ్చే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. మా పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, ఇళ్ళల్లో పని అని, మిల్లులో పని అని చెప్పి అమ్మేస్తున్నారు, ఇలాంటప్పుడు చట్టం సడలించమంటారా అని. ఈ కోపం న్యాయమైనది. 2018లో యాదగిరిగుట్టలో చిన్న చిన్న ఆడపిల్లల్ని పోలీసులు విడిపించిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. మైనర్ విషయంలో ఇష్టం అన్న మాటే పుట్టదు. దానికి పోక్సో ఉంది, అక్రమ రవాణాకు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఉంది, పిటాలోనే తార్చడం మీద 5, బలవంతంగా ఉంచడం మీద 6 సెక్షన్లు ఉన్నాయి. వీటిలో ఒక్క అక్షరం తీసేయమని ఎవరూ అడగడం లేదు. ఇంకా గట్టిగా అమలు చేయమనే అంటాం.

మరి ఆ పిల్ల లోపల ఉందని బయటికి చెప్పేదెవరు? పక్క గదిలో ఉన్న పెద్దామె. పోలీసుకు చెబితే ముందు తననే వ్యాన్ ఎక్కిస్తారని తెలిసినంత కాలం ఆమె నోరు తెరవదు. గల్లీలో కూరగాయలు అమ్మేవాడూ తెరవడు. సోనాగాచిలో ఆ స్త్రీలే సెల్ఫ్ రెగ్యులేటరీ బోర్డులు పెట్టుకుని, కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, వయసు తేల్చుకుంటారు, మైనరైతే వెనక్కి పంపుతారు. అన్నీ సరిగ్గా చేస్తున్నారని పూచీ నేనివ్వను. కానీ ఆ గల్లీలోకి కొత్తగా ఎవరొచ్చారో వాళ్ళకు తెలిసినంతగా ఏ ఎస్సైకీ తెలియదు కదా.

ఇప్పుడు జరుగుతున్న దాడుల్లో పద్నాలుగేళ్ళ పిల్లనూ, ముప్ఫై అయిదేళ్ళ తల్లినీ ఒకే వ్యానులో ఎక్కిస్తారు. పెద్దామెను కూడా కాపాడామనే రాస్తారు. పిటా 17వ సెక్షన్ కింద ఆమెను ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోంలో ఉంచవచ్చు. ఏ నేరమూ చేయలేదంటూనే మూడేళ్ళు! 2020 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు అలా హోంలో ఉంచిన ముగ్గురు యువతుల్ని వదిలిపెట్టమంది. వయసొచ్చిన స్త్రీకి తన వృత్తి ఎంచుకునే హక్కుంది, ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా బంధించడానికి వీల్లేదని చెప్పింది. బయటికొచ్చినా చాలామంది లాయరు ఖర్చు, జామీను ఖర్చు నెత్తినేసుకుని వస్తారు. ఆ అప్పు ఇచ్చేదెవరు? మళ్ళీ ఆ బ్రోకరే.

ఇంకో మాట. దళిత స్త్రీవాదుల్లో చాలామంది, మన ఉద్యమంలోనూ కొందరు, ఇది పని కాదు, కులం చేసే హింస అంటారు. జోగినీల చరిత్ర చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం. వేరే దారి మూసేసి ఇష్టంతో వచ్చింది అనడం మోసమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ హింసకు గురైన మనిషినే స్టేషన్‌కి పంపే చట్టం ఆ హింసను తగ్గించదు. ఇసుక లారీ ఎక్కి వలస పోయే కూలీది కూడా గతిలేని ఇష్టమే. అందుకని మనం కూలీని అరెస్టు చేయమనం, కూలి పెంచమంటాం.

మథుర కేసు గుర్తు చేసుకోండి. 1972లో మహారాష్ట్ర దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం. హైకోర్టు శిక్ష వేస్తే సుప్రీంకోర్టు ఆ పోలీసుల్ని వదిలేసింది. కింది కోర్టు ఆమెను శృంగారానికి అలవాటు పడినదని రాసింది. దేశమంతా మండిపడితే 1983లో చట్టం మారింది. క్యారెక్టర్ బాగాలేదు అన్న ఒక్క ముద్రతో ఒక ఆడమనిషి ఫిర్యాదు ఎలా గాలిలో కలిసిపోతుందో ఆదివాసీ స్త్రీకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఈ రోజు ఒక సెక్స్ వర్కర్ నన్ను చెరిచారని స్టేషన్‌కి వెళితే ఎదురయ్యేది అదే నవ్వు.

బయటి దేశాల సంగతి క్లుప్తంగా. స్వీడన్ 1999లో కొనేవాడిని నేరస్థుణ్ణి చేసింది, అమ్మే స్త్రీని వదిలేసింది. వినడానికి బాగుంది, కానీ కొనేవాడు భయపడితే మళ్ళీ చీకట్లోకే, మళ్ళీ తొందర బేరమే. జర్మనీలాంటి చోట లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు. అది నాకు నచ్చదు. రిజిస్టరు అన్న మాట వింటేనే 1868, 1871 గుర్తొస్తాయి. న్యూజిలాండ్ 2003లో నేరం అన్నదే తీసేసి, మామూలు పనికి ఉండే చట్టాలే దీనికీ పెట్టింది. పార్లమెంటులో 60 ఓట్లకు 59, ఒక్క ఓటు తేడా. ఆ రోజు సభలో మాట్లాడినవాళ్ళలో జార్జినా బేయర్ ఉంది. మావోరీ మూలవాసి, ట్రాన్స్ మహిళ, ఒకప్పుడు వీధిలో ఇదే పని చేసి ఎంపీ అయిన మనిషి. అయిదేళ్ళ తర్వాత 2008లో సమీక్షా కమిటీ చూస్తే ఈ పనిలోకి వచ్చేవాళ్ళ సంఖ్య పెరగలేదు. 2014లో అక్కడ ఒక సెక్స్ వర్కర్ తన యజమాని మీద లైంగిక వేధింపుల కేసు వేసి గెలిచింది, 25,000 డాలర్ల పరిహారం వచ్చింది. మన దగ్గర ఆ కేసు ఎక్కడ వేయాలి చెప్పండి? లోపం కూడా ఉంది. తాత్కాలిక వీసా మీద వచ్చిన వలస స్త్రీలకు ఆ చట్టం వర్తించదు, వాళ్ళు ఇంకా బ్రోకర్ల చేతుల్లోనే.

మన దేశంలో ఏమీ జరగలేదని కాదు. 2017లో చేసిన హెచ్‌ఐవి ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. దాని 22వ సెక్షన్ మీ ఫోన్లో దాచుకోండి. సెక్స్ వర్కర్‌కి కండోమ్ ఇచ్చినవాళ్ళ మీద గానీ, ఆమె మీద గానీ, ఆమె దగ్గరికి వచ్చినవాడి మీద గానీ ఆ కండోమ్ కారణంగా కేసు పెట్టడానికి వీల్లేదని ఉదాహరణతో సహా రాసి ఉంది. 2020లో కోవిడ్ సమయంలో గుర్తింపు కార్డు అడగకుండా వాళ్ళకు రేషన్ ఇమ్మని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారి బెంచ్ బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఇంకా ముఖ్యం. కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్ హత్య కేసు నుంచి పుట్టిన ఉత్తర్వు అది. అత్యాచారానికి గురైతే మిగతా స్త్రీలకు ఇచ్చే వైద్యమే ఇవ్వాలి, పోలీసులు మర్యాదగా ప్రవర్తించాలి, హోంలలో ఇష్టం లేకుండా ఉన్న పెద్దవాళ్ళను గుర్తించి వదలాలి, కండోమ్‌ను నేరానికి సాక్ష్యం చేయకూడదు, దాడి సమయంలో ఫోటోలు, పేర్లు బయటపెట్టకూడదు, నాకో అధికారి ధ్రువీకరిస్తే చిరునామా పత్రం లేకపోయినా ఆధార్ ఇవ్వాలి, ఆ కార్డు మీద వృత్తి తెలిసే గుర్తేదీ ఉండకూడదు. కమిటీ చేసిన మరికొన్ని సిఫారసుల మీద కేంద్రం అభ్యంతరాలు చెప్పింది. పిటా చట్టం మాత్రం ఒక్క అక్షరం మారలేదు. మొదట చెప్పిన జిల్లా పేజీ ఫోటో కూడా మారలేదు.

కాబట్టి మన సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అక్రమ రవాణా మీద మనం ఇచ్చే ప్రతి వినతిపత్రంలోనూ 7, 8, 20 సెక్షన్లు తీసేయాలని, ఇద్దరు స్త్రీలు కలిసి ఉన్న గదిని వ్యభిచార గృహం అనే నిర్వచనం మార్చాలని ఒక పేరా చేర్చాలి. ఏ పిటా కేసులోనైనా పంచనామాలో కండోమ్ రాస్తే 2022 ఉత్తర్వు, 22వ సెక్షన్ చూపించి ఎస్పీకి రాయాలి. పట్టుబడిన స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు హక్కు, లీగల్ సర్వీసెస్ నంబరు 15100. ఊరికి తిరిగొచ్చిన ఆడపిల్లను ఊరి పెద్దలు తప్పు కట్టమంటే, మన సంఘం వాళ్ళు ఆ పంచాయితీలో ఆమె పక్కన కూర్చోవాలి. ఆమె పేరు రేషన్ కార్డులోంచి తీసేసి ఉంటే తిరిగి ఎక్కించే పని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. హెచ్‌ఐవి గురించి పేరు చెప్పకుండా అడగగలిగే ఉచిత నంబరు 1097. దాన్ని వారపు సంతలో, ఆర్టీసీ బస్టాండులో, ఆశ్రమ పాఠశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.